పదిన్నరకి మొదలవని పని

ఫిల్మ్ నగర్‌లో సూర్యుడు కూడా పుష్పవల్లమ్మ సరేనన్నాకే పైకొస్తాడు. అలాంటి మనిషికి కంప్యూటర్ ఒక లెక్కా? సినిమా పంపిణీ ఆఫీసులో, ముక్కుమీదికి జారే కళ్లజోడు ఎగదోసుకుంటూ, ఏ పని ఎప్పుడు మొదలవ్వాలో ఆవిడే సర్వర్‌లో పెడుతుంది. అందులో ఉండే కాపలా ప్రోగ్రాం గడియారం చూసుకుంటూ, వేళ కాగానే ఆ పనిని తనే మొదలుపెడుతుంది.

కొత్త సర్వర్‌లో మొట్టమొదటి పనిని మాత్రం, దాన్ని అమర్చిన ఇంజనీరే శుక్రవారం పొద్దున పదిన్నరకి పెట్టాడు. ఆ వేళకి ఓనరు త్రినాథరావుగారితో సహా అందరూ చుట్టూ మూగారు. తెరమీద ఉలుకూ పలుకూ లేదు.

"ఎవరో టైం మార్చేశారు సార్!" అన్నాడు ఇంజనీరు.

"ఎవరో ఏంటి, నేనే. ఇప్పుడు రాహుకాలం. పన్నెండు దాటాకే మొదలవుతుంది. కావాలంటే నన్ను ఉద్యోగంలోంచి తీసేయండి, టైం మాత్రం మార్చను," అంది పుష్పవల్లమ్మ, కుర్చీలోంచి లేవకుండానే.

త్రినాథరావుగారు ఇంతవరకూ ఏ సినిమాకీ రాహుకాలంలో కొబ్బరికాయ కొట్టి ఎరగరు. గోడమీది క్యాలెండర్ చూశారు. "పన్నెండు దాటాకే కానివ్వండమ్మా," అని మెల్లిగా తన గదిలోకి వెళ్లిపోయారు.

రాత్రి భోజనాల దగ్గర పుష్పవల్లమ్మని మనవరాలు వెక్కిరించింది. "అమ్మమ్మా, కంప్యూటర్‌కి రాహుకాలం తెలుసా?"

"తెలీదు కాబట్టేనే నన్ను పెట్టుకున్నారు. నోరు మూసుకుని అన్నం తిను."