దెయ్యాల తాతగారూ, మా బావా, నా ఏడుపూ

ఇప్పుడంటే అచ్చు పుస్తకాలు వచ్చాయి గానీ, నేను కొత్తగా మీసం దిద్దుకుంటున్న ఆ రోజుల్లో పుస్తకమంటే తాటాకుల కట్ట. ఎవరి దగ్గరో మంచి కథ ఉందని తెలిస్తే వెళ్లి, బతిమాలి, గంటంతో మన ఆకుల మీద ఎక్కించుకుని రావాలి. అంత కష్టపడ్డాక ఆ కథ మనదే అనిపిస్తుంది. రాసినాయన కూడా మనవాడే అనిపిస్తాడు. నా చిక్కంతా అక్కడే వచ్చింది.

అల్లవరం దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు. అందరూ దెయ్యాల తాతగారనేవారు. (ఆయనకేమీ పట్టలేదు, దెయ్యాలన్నీ కథల్లోనే.) పెళ్లానికి జడిసి చెట్టు దిగని బ్రహ్మరాక్షసుడు, ఎండకి విసిగి యముణ్ని నడిదారిలో దింపేసి కాలవలోకి పోయిన దున్నపోతు, స్వర్గంలో కొబ్బరిచెట్లు లేవని ఇంద్రుడితో తగువేసుకుని తిరిగొచ్చిన మన కోనసీమ మనిషి, ఇలాంటివి రాసేవారు. మా అమలాపురంలో అవన్నీ చదివినవాణ్ని నేనొక్కణ్నేనని నాకు గర్వం. ఆ గర్వం చూసేవాళ్లు లేక, కొత్తపేట నుంచి వచ్చిన మా మేనత్త కొడుకుని పట్టుకున్నాను.

"మొదటి కథ ముట్టుకోకు బావా. అప్పటికింకా ఆయన చెయ్యి తిరగలేదు. దున్నపోతుతో మొదలెట్టు" అన్నాను. వాడు చదువుతుంటే ఎదురుగా కూర్చుని, ఇదిగో ఇక్కడ నవ్వాలి అని ముందే చెప్పేవాణ్ని. భోజనానికి లేస్తానంటే ఈ ఆకు అయ్యాక లెమ్మనేవాణ్ని.

నెల తిరక్కుండా బావ అన్నీ చదివేశాడు. నేను వద్దన్న మొదటి కథే అన్నిటికన్నా గొప్పదన్నాడు. అది చాలక, తాతగారి ఇంటికే వెళ్లొచ్చాడు. నేనేమో ఆయన గడప తొక్కడానికి బెరుకుపడి, ఇన్నాళ్లూ ఆయన శిష్యుడి దగ్గరే కథలు తెచ్చుకున్నవాణ్ని.

"ఎంత మంచాయనో బావా. పక్కన కూర్చోబెట్టుకుని పనసతొనలు పెట్టేరు" అన్నాడు.

తిన్నది వాడైనా ఆ తొనలు నా గొంతులో అడ్డం పడ్డాయి.

మర్నాడే వాణ్ని లాక్కుని అల్లవరం వెళ్లాను. తాతగారు అరుగు మీదున్నారు. బావని చూసి "రండి రండి కొత్తపేటవారూ" అని, నా వైపు తిరిగి "వీరెవరండీ?" అన్నారు.

"మీ కథలు నాతో చదివించింది ఈ బావేనండి" అని బావ నా విద్యంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు, నవ్వాల్సిన చోట్లతో సహా.

"ఆయ్, అలాగాండీ" అని తాతగారు నన్ను తల నుంచి కాళ్ల దాకా తీరిగ్గా చూశారు. నాకూ తొనలు పెట్టారు. రుచి తెలిస్తే ఒట్టు.

కొన్నాళ్లకి ఆయన కొత్త కథ వచ్చింది. ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి గట్టిగా చదివాను. అందులో ఒక దెయ్యం, దారిన పోయేవాళ్లని పట్టుకుని కథలు చదివిస్తుంది. ఎక్కడ నవ్వాలో ముందే చెప్తుంది. నవ్వకపోతే అన్నం తిననివ్వదు. మంత్రగాళ్లందరూ ఓడిపోయాక, ఎవడో "మొదటి కథే బాగుంది" అంటాడు. ఆ మాటకి అది కొబ్బరిచెట్టెక్కి ఏడుస్తుంది.

"ఈ దెయ్యం మన ఊరిదేనేమోనండి" అంది మా ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

నా ఒళ్లు మండిపోయింది. ఆకులు అటకమీద పడేశాను. ఆ సాయంత్రమే బావ వచ్చాడు, మొహం వేలాడేసుకుని.

"గంటలు గంటలు కూర్చుని మాట్లాడేను. కథలో నా ఊసే లేదు. నిన్ను మాత్రం ఏకంగా దెయ్యాన్ని చేసేరు. నీ అదృష్టం బావా" అన్నాడు.

వాడి మొహం చూశాక నా కడుపు చల్లబడింది. అటక మీంచి ఆకులు దింపి, వాడికి మళ్లీ మొదటినుంచీ చదివి వినిపించాను. దెయ్యం వచ్చిన చోటల్లా గొంతు కొంచెం పెంచాను.

తాతగారూ పోయారు, బావా పోయాడు. మొన్న రాజోలు నుంచి వచ్చిన మా చిన్నల్లుడు ఏమీ తోచక చదవడానికేమైనా ఇమ్మంటే దున్నపోతు కథ ఇచ్చాను. కాసేపటికి గదిలోంచి నవ్వు వినిపించింది.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయాండీ మావయ్యగారూ?"

"చాలా ఉన్నాయి నాయనా" అన్నాను. మిగతావేవీ అతనికింకా తెలియవు, అన్నీ మొదటిసారి చదువుకుంటాడు. నాకేమో అన్నీ కంఠతా వచ్చు. ఈ వయసులో మళ్లీ ఒకణ్ని చూసి ఏడవాల్సి వస్తుందనుకోలేదు.