ఛార్జింగుకి ఆగిన మావయ్య

మా మావయ్య పోయాడు. పొద్దున్నే అత్త ఫోన్ చేసి ఆ మాట చెప్పేసరికి నేను బడికి వెళ్ళే హడావుడిలో జడ వేసుకుంటున్నాను. అమ్మకి ఎలా చెప్పాలో తెలియక సగం జడతోనే వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. నా మొహం చూసి తనే గ్రహించింది. ఏడవలేదు. "బండెక్కడున్నాది?" అని అడిగింది. వాళ్ళ ఇంటి ముందే ఉందని, దాన్ని ఛార్జింగుకి పెట్టి, టీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడని, మళ్ళీ లేవలేదని చెప్పాను. "బండి ఇంటికాడ ఒగ్గేసి ఎలిపోనాడా" అంటూ అప్పుడు కూలబడిపోయింది. ఆయన బండి లేకుండా ఎక్కడికైనా వెళ్ళాడంటే నిజంగా పోయినట్టేనని మా అందరికీ తెలుసు.

మావయ్య అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్ళే రోడ్డు మీద ఆటో నడిపేవాడు. మీలో ఎవరైనా ఆ దారిన ఎండుచేపల గంపల మధ్య మోకాళ్ళు ముడుచుకుని ప్రయాణం చేసి ఉంటే, ముందు సీట్లో ఒక పక్కకి ఒరిగి కూర్చుని, రోడ్డు కన్నా ప్రయాణికుల వైపే ఎక్కువ చూసే మనిషి ఒకడు గుర్తుండాలి. ఆయనే. మా ఇల్లూ ఆ రోడ్డు పక్కనే. నాన్న నా చిన్నప్పుడే పోయారు. మా ఆయన ఉద్యోగం ఎచ్చెర్లలో, నేను పాఠాలు చెప్పే బడి మా ఊళ్ళోనే కాబట్టి పెళ్లయ్యాక కూడా అమ్మా మేమూ కలిసే ఉంటున్నాం.

మొదట ఆయనకి డీజిల్ ఆటో ఉండేది. దాని చప్పుడు పక్క ఊళ్ళో ఉండగానే మాకు వినబడేది. ఆ చప్పుడు విన్నాకే చేపలమ్మే ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని తీరిగ్గా రోడ్డెక్కేవారు. అందులో ఒకసారి ఎక్కి దిగితే పళ్ళు ఎంత గట్టిగా ఉన్నాయో తెలిసిపోయేది, డాక్టరుకి చూపించుకోనక్కర్లేదు. పొగ సంగతి చెప్పను. తెల్లచీర కట్టుకుని ఎక్కిన వాళ్ళు ఏ రంగు చీరతో దిగేవారో వాళ్ళకే తెలియాలి. ఇంత చేసినా ఆ బండిని ఎవరైనా ఒక్క మాట అంటే మావయ్య ఊరుకునేవాడు కాదు. సొంత భార్యని అన్నా నవ్వేసేవాడు గానీ బండిని అంటే మాత్రం మొహం ముడుచుకునేవాడు.

ఆ బండి వల్లే మా ఇంట్లో తగువు వచ్చింది. నా పెళ్లికి తండ్రి స్థానంలో పెత్తనమంతా మావయ్యదే. గాడిపొయ్యి తవ్వించడం దగ్గర నుంచి అరిటాకులు కడిగించడం దాకా ఆయనే చూసుకున్నాడు. ముహూర్తం రోజు పొద్దున పువ్వులు తక్కువయ్యాయని శ్రీకాకుళం బయల్దేరాడు. వేరే ఎవరి బండైనా తీసుకెళ్ళమని అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. వినలేదు. తిరిగి వస్తుంటే దారిలో ఆ బండి గట్టిగా ఒకసారి దగ్గి, నల్లగా ఒకసారి పొగ వదిలి ఆగిపోయింది. ఇక్కడేమో గౌరీపూజ అయిపోయి నేను బుట్టలో కూర్చుని ఉన్నాను. పెళ్లికూతుర్ని బుట్టతో ఎత్తి పీటల దగ్గరికి తేవాల్సింది మేనమామే కదా. పురోహితుడు తొందరపెట్టాడు. ఇక లాభం లేదని గజపతినగరం నుంచి వచ్చిన, వరసకి మావయ్య అయ్యే ఒక పెద్దమనిషి చేత బుట్ట ఎత్తించారు. నేను అప్పటికే తేలికైన పిల్లని కాదు. ఆ పెద్దమనిషి ఇప్పటికీ నన్ను ఎక్కడ చూసినా ముందు నడుం మీద చెయ్యి వేసుకుంటాడు.

మోచేతుల దాకా గ్రీజుతో, భుజాన పువ్వుల గంపతో మావయ్య వచ్చేసరికి తాళి కట్టడం అయిపోయింది. పెళ్లివారందరి ముందూ వాళ్ళ అప్పని, అంటే మా అమ్మని, నిలదీశాడు.

"నాను బతికుండగా నా మేనకోడల్ని ఇంకోడు మొయ్యడమేటప్పా?"

"నీ డొక్కు బండి ఆగిపోతే ముహూర్తం కూడా ఆగుతాదేటిరా?" అంది అమ్మ.

తనని ఏమన్నా పడేవాడే. బండిని డొక్కు అంది. అదీ నలుగురిలో. వేసిన విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. పొలాల కోసం, ఇళ్ళ కోసం విడిపోయిన అక్కాతమ్ముళ్ళని చూశాను గానీ బుట్ట కోసం విడిపోయిన వాళ్ళు నాకు తెలిసి వీళ్ళే. వాడే ముందు రావాలని అమ్మ, బొట్టు పెట్టి పిలిస్తే గానీ రానని ఆయన. మధ్యలో నేనూ అత్తా ఫోన్లలో గుసగుసలాడుకుంటూ రాజీ కోసం చేయని ప్రయత్నం లేదు. ఇద్దరూ ఒకే తల్లి పాలు తాగారు, మొండితనం కూడా అందులోనే కలిసి వచ్చింది.

ఏళ్ళ తరబడి రోజూ మా ఇంటి మీదుగానే వెళ్ళేవాడు. తల తిప్పేవాడు కాదు. కానీ సరిగ్గా మా గుమ్మం ఎదురుగా వచ్చేసరికి యాక్సిలరేటరు మెలిపెట్టేవాడు. గోడలు అదిరేవి, పొగంతా వీధి గదిలోకి వచ్చేది. అమ్మ కిటికీ తలుపు ధడాలున వేసి "ఎలిపోతన్నాడు ఎదవ" అనేది. ఎదవ అన్నప్పటి గొంతులో కోపం ఉండేది గానీ, ఆ తర్వాత స్థిమితంగా తన పనిలో పడేది. ఆ తేడా నాకు చాలాకాలం అర్థం కాలేదు.

కొన్నాళ్ళకి మావయ్యకి దగ్గు పట్టుకుంది. డాక్టరు పొగ మానమన్నాడు. "నాను బీడీ ముట్టను బాబూ" అన్నాడట ఈయన. "నువ్వు ముట్టకపోయినా నీ బండి రోజంతా కాలుస్తోంది కదా" అన్నాడట ఆయన. అత్త పట్టు పట్టింది. చివరికి డీజిల్ బండి అమ్మేసి కరెంటు ఆటో కొన్నాడు. అమ్మిన రోజు అన్నం ముట్టలేదని అత్త చెప్పింది. ఆ కబురు విని అమ్మ, ఆ బుద్ధేదో మా పిల్ల పెళ్లికి ముందే పుట్టుంటే బాగుండేదని సణిగింది.

కొత్త బండి పూజ సంగతి అత్త నోటి వెంట విని నేను బడిలో పాఠం మధ్యలో కూడా నవ్వుకున్నాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఇక బండి స్టార్ట్ చెయ్యమన్నారు పూజారి గారు. చేశానన్నాడు మావయ్య. చప్పుడు లేదు కదా, సరిగ్గా చెయ్యమన్నారు ఆయన. ఈయనకీ అనుమానం వచ్చి పాత అలవాటు కొద్దీ హ్యాండిల్ పూర్తిగా మెలిపెట్టాడు. నిమ్మకాయలు నలిగిన సంగతి కూడా తెలియకుండా బండి ముందుకి ఉరికింది. హారతి ఆరకుండా పళ్ళెం పట్టుకుని పూజారి గారు గుడి మెట్ల దాకా వెనక్కి నడిచారట.

ఆ తర్వాత అసలు చిక్కు ప్రయాణికులతో వచ్చింది. డీజిల్ బండిలో పక్కవాళ్ళతో మాట్లాడాలన్నా కేక పెట్టాల్సిందే. అలా గొంతులు సాగిపోయిన ఆడవాళ్ళు కరెంటు ఆటోలో కూడా అదే స్థాయిలో కష్టసుఖాలు చెప్పుకున్నారు. బండి నిశ్శబ్దంగా పోతోంది, ఎవరి అత్తగారు ఎవరిని ఏమందో రోడ్డు పక్క పొలాల్లో నాట్లు వేస్తున్న వాళ్ళందరికీ తెలిసిపోతోంది. రెండు మూడు కాపురాలు వీధిన పడబోయాక గానీ గొంతులు తగ్గలేదు. తగ్గాక ఇంకో ఇబ్బంది. ఎంత మెల్లగా మాట్లాడినా డ్రైవరుకి వినబడుతుంది. ఆ చెవులు డీజిల్ మోతలో ఇన్నేళ్ళు పస్తులున్నాయి మరి. ఏ పిల్లకి ఏ సంబంధం చూస్తున్నారో పెళ్లిళ్ళ పేరయ్యల కన్నా ముందు మావయ్యకి తెలిసేది.

అందరికీ సుఖంగా ఉన్న ఆ బండితో అమ్మకి మాత్రం కష్టం వచ్చిపడింది. చప్పుడు లేదు. తమ్ముడు వెళ్ళాడో లేదో తెలియదు. మొదట్లో కిటికీ వేసే పని తప్పిందంది. తర్వాత, ఇవాళ బండి తిరిగిందా అని నన్ను అటు తిప్పి ఇటు తిప్పి అడగడం మొదలుపెట్టింది. దగ్గు ముదిరి మంచం పట్టాడేమోనని భయం. నేరుగా అడిగితే పరువు పోతుంది. బియ్యంలో రాళ్ళు ఏరాలంటే వెలుతురు కావాలని చేట పట్టుకుని వీధి అరుగు మీదకి మారింది. మేం తెచ్చేది మిల్లు బియ్యం, అందులో రాళ్ళు ఉండవు. అయినా పొద్దున్నా మధ్యాహ్నం ఆ చేట అలా తిరుగుతూనే ఉండేది. అటు మావయ్య కూడా గమనించకుండా ఉంటాడా? ఇన్నేళ్ళూ మూసుకున్న కిటికీని ఓరకంట చూసిన మనిషి, ఇప్పుడు అరుగు మీద కూర్చున్న అక్కని చూస్తున్నాడు.

ఒక మధ్యాహ్నం నేను భోజనానికి ఇంటికి వచ్చేసరికి ఆటో మా గుమ్మం ముందు ఆగి ఉంది. ప్రయాణికులు లేరు. మావయ్య దిగి, బండి చుట్టూ తిరిగి, టైరుని తన్ని, అమ్మ వైపు చూడకుండా గోడకి చెప్పినట్టు చెప్పాడు.

"బేటరీ అయిపోనాది. ప్లగ్గుంటే పెట్టుకుంతాను."

అమ్మ చేట పక్కన పెట్టి లేచింది. తిన్నగా బండి దగ్గరికి వెళ్ళి హ్యాండిల్ దగ్గర వెలుగుతున్న బ్యాటరీ బొమ్మకేసి చూసింది. ఇప్పుడు తను నోరు జారితే మళ్ళీ ఈ జన్మకి రాడు.

"సగం ఉన్నాది కదరా" అంది.

"అది కంపెనీవోడి లెక్క. నా లెక్కలో అయిపోనాది."

అమ్మ లోపలికి వెళ్ళి వైరు తెచ్చింది. ఆ వెనకే కంచం తెచ్చింది. ఎండు మెత్తళ్ళు వేసిన వంకాయ కూర, పప్పుచారు. ఆయన తల వంచుకుని తిన్నాడు. రెండోసారి అన్నం పెడుతుంటే కంచంలోకి చూస్తూనే అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఈ గుమ్మం కాడ అరిసింది బండేనప్పా. నాను కాదు."

"నోరు మూసుకుని తిను" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం బండి మా ఇంటి దగ్గరే ఛార్జింగు. బండికి ఎక్కిన దానికన్నా మనిషికి ఎక్కిందే ఎక్కువ, ఆ ఏడాదే ఆయనకి షుగరు కూడా వచ్చింది. వీధి గదిలో చాప మీద పడుకుని నాకు కరెంటు బండ్ల మీద ఉపన్యాసాలు ఇచ్చేవాడు. పొగ ఉండదు, ఆయిలు మార్చక్కర్లేదు, ఇంజను విప్పి నెల రోజులు కూర్చునే మెకానిక్కుల పీడ వదిలింది, ఇవన్నీ పేపర్లలో మనమూ చదివినవే. కానీ రేపటి రోజులు ఈ బండ్లవే అనడానికి ఆయన చెప్పిన అసలు కారణం నేను ఇంకెక్కడా చదవలేదు. "బంకోడు సిటికెలో ఆయిలు పోసి తోలేస్తాడే గుంటా. ఈ బండి మనిసిని కూకోబెడతాది. కూకుంటే మాటొస్తాది. రేప్పొద్దున్న దారిలో ఒక సుట్టం లేనోడి గతి ఏటైపోతాదో సూడు." తోటి డ్రైవర్లలో కరెంటు బండి కొన్న ప్రతివాడికీ మా ఇంటి గుర్తులు చెప్పి, అక్కడ ప్లగ్గు ఉంది, అడగకుండా అన్నం కూడా పెడతారు అని ప్రచారం చేసింది కూడా ఆయనే.

ఇప్పుడు అత్త ఆ బండి నేర్చుకుంటానంటోంది. గేర్లు లేవు కదా, దాన్ని నడపలేనా అంటోంది. నడుపుతుంది కూడా. నాకు మాత్రం ఆయన లేకపోవడం మధ్యాహ్నాల్లో బాగా తెలుస్తోంది. బడి గంట కొట్టగానే ఇవాళ ఏ ఇంటి కబురు మోసుకొస్తాడా అనుకుంటూ నడిచేదాన్ని. ఇప్పుడు నడక మెల్లగా సాగుతోంది.

పెద్దకర్మ అయిన మర్నాడు అనుకుంటాను, మేం ఎప్పుడూ చూడని ఒక డ్రైవరు కరెంటు ఆటో మా ఇంటి ముందు ఆపాడు. ఫలానా అన్న చెప్పాడండీ, ఇక్కడ ప్లగ్గు ఇస్తారట అన్నాడు. ఆ అన్న లేడని అతనికి ఇంకా తెలియదు. అమ్మ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. వైరు ఇచ్చింది, కంచం పెట్టింది. తింటుంటే ఎదురుగా కూర్చుని ఏ ఊరు, ఎవరి పిల్లడివి అని అడిగింది. అక్కచెల్లెళ్ళు ఉన్నారా అంది. ఒక అప్ప ఉందన్నాడు. కళింగపట్నంలోనే. రాకపోకలు లేవన్నాడు. ఎందుకని అడిగితే ఏదో చెప్పబోయి, చెప్పేంత పెద్ద కారణం దొరక్క అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

అతను చెయ్యి కడుక్కునే లోపు అమ్మ లేచి వెళ్ళి ప్లగ్గు పీకేసింది. అప్పుడే తీసేశారేంటండీ, ఇంకా ఎక్కలేదు అన్నాడు అతను తెల్లబోయి.

"అక్కడికెళ్ళడానికి ఇది సాలు. మిగతాది మీ అప్పింటికాడ ఎక్కించుకో."

అతను తడి చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. తర్వాత బండెక్కాడు. ఆటో చప్పుడు లేకుండా రోడ్డెక్కింది. అది కళింగపట్నం వైపే తిరిగిందో లేదో చూడటానికి అమ్మ చేతిలో వైరుతోనే నడిరోడ్డు మీదకి వెళ్ళి నిలబడింది. వెనక బస్సు హారను కొడుతున్నా కదల్లేదు.