గేటు దీపానికి బొట్టు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, వినాయక చవితి వెళ్లిన వారంలో, నన్ను పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని మా ఫ్యాక్టరీ మెయింటెనెన్సు విభాగానికి సీనియర్ ఇంజనీరుగా వేశారు. మొదటి పని గేటు దీపం. చీకటి పడగానే దానంతటదే వెలగాలి, తెల్లారగానే ఆరాలి. బజారులో రెడీమేడ్‌ది కొందామన్నారు కొనుగోళ్లవారు. నాకు పౌరుషం వచ్చి, నేనే చేస్తానన్నాను. దీపావళి దాకా సరిగ్గా నడిస్తే యార్డు దీపాలన్నింటికీ నాదే పెడతామని, లేకపోతే పీకిస్తామని వర్క్స్ మేనేజరు గారు షరతు పెట్టారు.

సర్క్యూట్ బ్రహ్మవిద్యేం కాదు. ఎల్.డి.ఆర్. అని శనగబద్దంత సెన్సరు. వెలుగు పడితే దాని నిరోధం తగ్గి, ట్రాన్సిస్టర్ బేస్‌కు అందాల్సిన కరెంటు దాని గుండా పక్కకు పోతుంది. చీకట్లో నిరోధం పెరుగుతుంది, కరెంటు బేస్‌కు చేరుతుంది, ట్రాన్సిస్టర్ రిలే అనే స్విచ్చును లాగి దీపం వెలిగిస్తుంది. ఎంత చీకటికి వెలగాలో ప్రీసెట్ అనే చిన్న మర తిప్పి నిర్ణయిస్తాం. పెట్టె మూత నడిమధ్య సెన్సరుకు గుండ్రటి గాజు కిటికీ పెట్టి, ఎంత ముచ్చటగా ఉందో అని నేనే మురిసిపోయాను.

ఆయుధపూజనాడు మేనేజరు గారు స్వహస్తాలతో యంత్రాలన్నింటికీ గంధం, కుంకుమ పెడుతూ గేటు దాకా వచ్చారు. నా పెట్టెకూ దట్టంగా పెట్టారు, సరిగ్గా గాజు మీద. మిట్టమధ్యాహ్నం దీపం టక్కున వెలిగింది. నేనేదో ప్రత్యేకంగా ఏర్పాటు చేశాననుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు కూడా అది పగలంతా వెలుగుతూనే ఉంది. బొట్టు తుడవమని వాచ్‌మన్ మల్లేశంతో చెప్పాను.

“అమ్మో, పెద్దసారు పెట్టిన బొట్టు నేనెట్ల తుడుస్త సార్? పండుగ పూట గిట్లనకుండ్రి. కావాల్నంటే మీరే తుడువుండ్రి” అన్నాడు.

నాకూ చెయ్యి రాలేదు. బొట్టును అలాగే ఉంచి, దానికి తగ్గట్టు, ఇంకా చీకటైతేనే వెలిగేలా ప్రీసెట్ తిప్పాను. కొన్నాళ్లు భేషుగ్గా పనిచేసింది. తర్వాత పెద్దవాన పడి బొట్టు కడుక్కుపోయింది. ఆ సాయంత్రం మసక చీకటి ముసిరినా దీపం వెలగలేదు. గేటు దగ్గర కారు దిగిన మేనేజరు గారు చీలమండ దాకా బురదలో దిగబడ్డారు.

“ఏమయ్యా, పట్టపగలు వెలిగి, చీకట్లో వెలగని దీపం చేశావేంటి? పీకించెయ్యనా?” అన్నారు.

చెప్పక తప్పలేదు. దీపంలో లోపం లేదని, తమరి బొట్టును లెక్కలోకి తీసుకుని మర తిప్పానని, అది పోయేసరికి లెక్క తప్పిందని వివరించాను. ఆయన బురదంటిన ప్యాంటు అంచు పైకి మడుచుకున్నారు.

“మరి బొట్టెక్కడ పెట్టమంటావయ్యా?” అని అడిగారు.

పెట్టె వైపు చూశాను. బొట్టు పెట్టేది నడిమధ్యే, ఆ మూత నడిమధ్యంతా గాజే.

మర మళ్లీ సరిచేశాక దీపావళి దాకా దీపం తప్పలేదు. యార్డు దీపాల కొత్త పెట్టెల్లో సెన్సరును పక్కకు జరిపి, మూత మధ్య ఖాళీ వదిలాను. డ్రాయింగులో ఆ చోటికి బాణం గీసి ‘బొట్టుకు’ అని రాశాను. మేనేజరు గారు ముందు అదే చూసి, మిగతాది చూడకుండానే సంతకం పెట్టారు. ఫ్యాక్టరీలో బిగించే ఏ వస్తువుకైనా దసరాకు బొట్టు పడుతుంది. దానికి చోటు చూపించాల్సింది డిజైన్ చేసినవాడే.