సిలువ కేసుకు మా నాయన వెతికిన సాక్షులు

మా ఇంట్లో దేవుళ్ళకు కొదవ లేదు. ధర్మవరంలో మా నాయన పట్టుచీరల అంగడిలో గోడ మీద ఒక వరుస, ఇంట్లో ఇంకో వరుస. రోజూ దండలు వేయించుకునే వాళ్ళందరినీ పక్కన పెట్టి, మా నాయన కొన్నాళ్ళు యేసు చావు వెంట పడ్డాడు. భక్తి పుట్టి కాదు. వాళ్ళమ్మ, అంటే మా అవ్వ మీద కేసు గెలవడానికి.

కేసు ఇది. మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, నా చిన్నతనంలో ఇంట్లో మాటామాటా పెరిగి బెంగుళూరు రైలెక్కి పోయాడు. మళ్ళీ రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత తాడిమర్రి నుంచి పెళ్ళిచీరలకు వచ్చిన ఒకాయన, మీ తమ్ముడు బెంగుళూరు ఆసుపత్రిలో పోయాడని విన్నానని నాయనతో చెప్పాడు. చూశాననలేదు, విన్నానన్నాడు. నాయన ఏడ్చాడు, నమ్మాడు. అవ్వ ఏడవలేదు, నమ్మలేదు.

అప్పటి నుంచి పెద్దల అమావాస్య వస్తే మా ఇంట్లో రగడే. ఆ రోజు చనిపోయిన వాళ్ళకు కొత్త బట్టలు పెట్టి, ఆకులు పరిచి వడ్డిస్తాం. తాత ఆకు పక్కన తమ్ముడికీ ఒక ఆకు వేయాలని నాయన. వేస్తే ఎత్తి వీధిలో పారేస్తానని అవ్వ.

"చచ్చినోడు ఆకలితో తిరుగుతాంటాడమ్మా. ఎవరు పెడ్తారు వానికి?" అని నాయన గొంతు పెద్దది చేసేవాడు.

"బతికినోనికి పిండాకూడు పెడ్తావా? చూసినోళ్ళను పిలుచుకొని రా. అప్పుడు పెడుదువు" అని అవ్వ దానికన్నా పెద్దది చేసేది.

ఇద్దరికీ భయమే. పెట్టకపోతే ఒక పాపం, పెడితే ఇంకో పాపం. నేను అత్తగారి ఊరు హిందూపురం నుంచి పిండివంటలు చేయడానికని వచ్చి, ఈ ఇద్దరి మధ్య వడలు మాడ్చుకునేదాన్ని.

ఆ రగడలోకి అనుకోకుండా కాలు పెట్టినవాడు పెనుకొండ మాస్టరు. రిటైరైన సైన్సు మాస్టరు, క్రైస్తవుడు, నాయనకు పాత స్నేహితుడు. వారానికోసారి ప్యాసింజరులో వచ్చి, అంగట్లో కూర్చుని టీ తాగి, ఒక్క చీరా కొనకుండా వెళ్ళిపోయేవాడు. నాయన గోడు విని ఓదార్పుగా ఒక మాట అన్నాడు: "మేం చూడని చావునే నమ్ముకొని ఉండాము కదప్పా, ఇన్ని వందల ఏండ్ల నుంచి."

నాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎట్ల నమ్మినారు? ఎవరు చూసిండారు? శవం ఎవరు ముట్టుకున్నారు?"

మాస్టరు మరుసటి వారం బైబిలు తెచ్చుకోక తప్పలేదు. పాపం, ఒక మనిషిని దేవుడి దగ్గరికి తెస్తున్నానని ఆయన సంబరం. ఒక చావుకు ఎంత రుజువు ఉంటే చాలో తేల్చుకుని, ఆ కొలత తీసుకెళ్ళి అవ్వ ముందు పెట్టాలని ఈయన ఎత్తు.

చీర చూపిస్తే మా నాయన అంచు చూడడు. తిరగేసి వెనక జరీ చూస్తాడు. బైబిల్లో యేసు కథ చెప్పే సువార్తలనూ అట్లాగే చూశాడు. నాలుగు సువార్తలూ నాలుగు రకాలుగా చెప్తున్నాయని నేనే ఎగతాళి చేశాను. ఒకరు రాసిన ఆఖరి మాట ఇంకొకరు రాయలేదు, సైనికుడు పక్కలో పొడిచాడని ఒకరు చెప్పిన బల్లెపు పోటు మిగతా ముగ్గురికీ గుర్తు లేదు.

"అదే మంచిది" అన్నాడు నాయన. "చీర ఎందుకు ఆలస్యమైందంటే ఒకే వీధిలో నలుగురు మగ్గమోళ్ళు ఒకే మాట చెప్పినారనుకో, రాత్రే కూడబలుక్కున్నట్టు. తలా ఒకటి చెప్తే యాడో నిజం ఉండాది."

సాక్షులను ఒక్కొక్కరినే పిలిచాడు. అంత తొందరగా పోయాడా అని రోమా గవర్నరుకే అనుమానం వచ్చి, సైనికుల అధికారిని పిలిపించి అడిగాడట. ఆ గవర్నరు నాయనకు తెగ నచ్చాడు. సిలువ మీద ఉన్న మిగతా ఇద్దరి కాళ్ళు విరగ్గొట్టిన సైనికులు యేసు కాళ్ళు విరగ్గొట్టలేదట, అప్పటికే పోయాడని. అదీ సరేనన్నాడు. కానీ నాయనను నిజంగా పడగొట్టింది గుడ్డ. శవాన్ని అడిగి తీసుకున్న ధనవంతుడు సన్నపు నారబట్ట కొని తెచ్చి చుట్టాడని మాస్టరు చదివాడు.

"బేరమాడినట్టు రాసిండారా?"

"లేదప్పా. కొన్నాడనే రాసిండారు."

"అయితే చావే."

మాస్టరుకు అర్థం కాలేదు. మా అంగళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. శవం మీదికి గుడ్డ కొనేవాడు బేరమాడడు, అంగడివాడూ ఎక్కువ చెప్పడు, ఆ గుడ్డ మళ్ళీ వెనక్కి తీసుకోరు. నాయన దీన్ని ఎంత గట్టిగా వివరించాడంటే, తనకల్లు నుంచి ముహూర్తం చీరలకు వచ్చిన పెళ్ళివాళ్ళు "శవం గుడ్డ" అన్న మాట చెవిన పడి, చెప్పులేసుకుని ఎదురంగడికి పోయారు. ఆ రోజు మా అమ్మ తిట్టిన తిట్లు ఏ సువార్తలోకీ ఎక్కవు.

గుడ్ ఫ్రైడేకు మాస్టరు పెనుకొండ చర్చికి పిలిచాడు. నాయన ధర్మవరం నుంచి, నేను హిందూపురం నుంచి వెళ్ళాం. మూడు గంటల సేపు ఫ్యాను కింద చావు కబుర్లు. నాయన మధ్యలో ఒక్క చుక్క నీళ్ళు తాగలేదు. అయిపోయాక మాస్టరు గుమ్మం దగ్గర చెయ్యి చాపితే, నాయన తల వంచి నమస్కారం పెట్టి, మాట్లాడకుండా మెట్లు దిగాడు. నేను "పోయొస్తాం సార్" అన్నానని నన్ను గుడ్లురిమి చూశాడు. అప్పుడు వెలిగింది నాకు, ఈయన చావింటికి పలకరింపుకు వచ్చాడని. చావింటి నుంచి బయల్దేరేటప్పుడు పోయొస్తానని అనకూడదు కదా.

అంతటితో ఆగలేదు. నాతో హిందూపురం వచ్చి, మా గేటు బయటే నిలబడి, బిందెడు నీళ్ళు తెమ్మన్నాడు. చొక్కా విప్పి వీధిలో తలస్నానం మొదలుపెట్టేసరికి పక్కింటి ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా, ఎవరు పోయింది?"

"పాత చావులే" అన్నాడు నాయన, తల తుడుచుకుంటూ. "రుజువు చూసుకొని వస్తాండా."

ఆదివారం మాస్టరు ఫోను చేసి, యేసు సమాధిలో నుంచి లేచినాడప్పా అని సంతోషంగా చెప్పాడు. నాయన ఆయన్ను అక్కడే ఆపాడు. "శుక్రవారం వరకే మన కేసు మాస్టరూ. ఆదివారం నీ డిపార్ట్‌మెంటు." అయినా ఆదివారం నుంచి కూడా ఒక రుజువు ఎత్తుకున్నాడు. మూడో దినం పొద్దున్నే ఆడవాళ్ళు సుగంధ ద్రవ్యాలు పట్టుకుని సమాధికి పోయారట. మనవాళ్ళు మూడో దినం పాలు పోయడానికి పోయినట్టే. బతికినవాడికి ఎవరూ మూడో దినం చేయరు. అక్కడికి పోయి వాళ్ళేం చూశారన్నది మాత్రం తనకు అక్కర్లేదన్నాడు.

పెద్దల అమావాస్య ఇంకో వారం ఉందనగా విచారణ జరిగింది. మధ్యాహ్నం, ధర్మవరంలో మా ఇంటి వసారాలో. అవ్వ కాళ్ళు చాపుకుని గోడకానుకుంది. మాస్టరు పుస్తకం పట్టుకుని కుర్చీలో, నాయన నిలబడి, నేను తలుపు దగ్గర నవ్వు ఆపుకుంటూ.

నాయన గవర్నరు సంగతి చెప్పాడు. "ఇంట్లో కూచున్నోనికి ఏం తెలుస్తాది?" అంది అవ్వ. సైనికుడి సంగతి చెప్పాడు. "కూలికొచ్చినోడు. పొద్దుగూకితే ఇంటికి పోదామని చెప్పింటాడు." గుడ్డ సంగతి చెప్పాడు. దానికి మాత్రం కొంచెం ఆలోచించి, అడిగింది.

"వాళ్ళమ్మ ఆడ ఉండిందా?"

"ఉండిందమ్మా. సిలువ దగ్గరే నిలబడి ఉండింది" అన్నాడు మాస్టరు.

"కండ్లారా చూసిందా?"

"చూసింది."

అవ్వ చాపిన కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. "అయితే పోయినాడు" అంది. "ఇంకెవరూ చెప్పే పన్లేదు. ఆ గుడ్డలూ గవర్నర్లూ ఏమీ వద్దు." తర్వాత నాయన వైపు తిరిగింది. "నేను యాడ చూసినానురా మావాణ్ణి?"

ఏళ్ళ తరబడి దాచుకున్న మాట నాయన అప్పుడు బయటపెట్టాడు. అది అనకుండా ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

"బతికుంటే ఇన్నేండ్లలో ఒక్కతూరన్నా నిన్ను చూసేకి రాడామ్మా? మా మీద ఎంత కోపమున్నా, నువ్వేం చేసినావు వానికి?"

అవ్వ ముఖం చూడలేక నేను తల తిప్పుకున్నాను. నవ్వు ఎప్పుడు పోయిందో తెలియలేదు. కేసు అయిపోయిందనుకున్నాను. నాయన కూడా గెలిచినవాడిలా లేడు.

"మాస్టరప్పా" అంది అవ్వ. "మీ ఆయప్ప మళ్ళా లేచినాడంటారే."

"అవునమ్మా. మూడో దినం."

"లేచినాక ఎవరెవరికి కనపడినాడు?"

"సమాధి కాడికి పోయిన ఆడోళ్ళకు. శిష్యులకు. దావలో పోతాండిన ఇద్దరికి. చేపలు పట్టేకాడ కొందరికి..."

"వాళ్ళమ్మకు?"

మాస్టరు పుస్తకం తెరిచాడు. కాగితాలు తిప్పాడు. వెనక్కి వచ్చి మళ్ళీ తిప్పాడు. ఆయన ఇన్నేళ్ళ చర్చి జీవితంలో ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేరు.

"కనపడే ఉంటాడమ్మా" అన్నాడు చివరికి. "ప్రత్యేకంగా రాయలేదు."

"రాయలే. చేపలోళ్ళ కాడికి పోయినాడు, అమ్మ కాడికి పోయినట్టు లే. అట్లని ఆయప్ప చచ్చిపోయినట్టేనా మీ లెక్కలో?"

"కాదమ్మా" అన్నాడు మాస్టరు మెల్లగా. "బతికే ఉండాడు."

"మావాడూ అంతే" అంది అవ్వ.

నాయన కింద కూలబడి, వాళ్ళమ్మ పాదం మీద చెయ్యి వేశాడు. "నన్నేం చేయమంటావమ్మా?" అని అడిగాడు. ఆ అడగడంలో వాదన లేదు.

"నేనుండేంత వరకు వాని ఆకు వెయ్యొద్దు. నేను పోయినాక ఇద్దరికీ ఒకే దినం పెట్టు. నా పక్కనే వెయ్యి."

నాయన సరేనన్నాడు. ఆ అమావాస్యకు తాతకు మాత్రమే పెట్టాం. అవ్వ ఇప్పటికీ ఉంది. చూపు మందగించింది, మంచం దిగడం కష్టంగా ఉంది, అన్నం రెండు ముద్దలకన్నా ఎక్కువ తినదు. చనిపోతే చాలని మాత్రం ఒక్కసారీ అనదు. ఆమె ఉన్నంత కాలం మా చిన్నాయన బతికే ఉంటాడు.