జబీన్ ముందుమాటలో మూడో పేజీ

జబీన్ మొట్టమొదట కష్టపడి గెలుచుకున్నది ఎంఏ ఇంగ్లీషు సీటు. ప్రవేశపరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి రాసి తెచ్చుకుంది. దేవరకొండ పక్క పల్లెలో పుట్టిన ఆ వంశంలో ఆడా మగా కలిపి ముప్పై నలుగురు పిల్లలుంటే, పదో తరగతి దాటింది ఆమె ఒక్కతే. ఆపైన ఫెలోషిప్పు వచ్చింది. పుణెలో పెద్ద సభలో వ్యాసం చదివింది. ఇరవై ఏడో ఏట పీహెచ్‌డీ థీసిస్ ముగించింది. పాత ఇంగ్లీషు భయానక నవలల్లోని కుటుంబాల మీద ఆ పరిశోధన. ఒక కోట, అందులో మూసిన గది, గదిలో తల్లి, బయట పరువు కాచుకునే తండ్రి, ఇద్దరి మధ్యా పెరిగే పిల్ల.

తండ్రి నాగూర్ బాషాకు ఇవేవీ తెలియవు. ఊరి బడిలో ఏడు దాకా చదివి, చిలకలగూడలో బైండింగు దుకాణం పెట్టి ముప్పై రెండేళ్లు నడిపాడు. పదకొండు వందల థీసిస్‌లు కట్టాడు. దారం ఊడిందనో, పేజీ పోయిందనో ఒక్కరు తిరిగి రాలేదు. ఇంగ్లీషు అక్షరాల ఆకారం చూసి పేర్చి అట్ట మీద బంగారు రంగులో అచ్చు కొడతాడు. కూతురికీ అలాగే అయిదు ప్రతులు కట్టి, ఒకటి దుకాణం ముందు బల్ల మీద పెట్టాడు.

బైబిలు అట్ట మార్పించుకోవడానికి రిటైరైన టీచరు ప్రిసిల్లా వచ్చింది.

"జెర సదివి చెప్పుండ్రి టీచరమ్మా. పదకొండు వందలు కట్టిన, ఒక్కటి సదవలే. రోజా ఉపాసం ఉన్నోడు బిర్యానీ వండినట్టు అయింది నా బతుకు."

ఆమె నవ్వి జబీన్ థీసిస్‌లో ముందుమాట తీసింది. రెండు పేజీలు తెలుగులో చెప్పింది. మూడో పేజీకి గొంతు తగ్గింది. "నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అమ్మ గదికి బయట గడియ పడింది. అమ్మ పుట్టింట్లో ఉందని చుట్టాలకు చెప్పడం నాన్న నేర్పాడు. బాగా చెప్పేదాన్ని. అందుకే ఈ నవలలు చదివితే నాకు భయం వేయలేదు. మా ఇల్లే అనిపించింది."

ప్రిసిల్లా పుస్తకం మూసింది. "అట్ట రేపు తీసుకుంటాలే, బాషా" అని వెళ్లిపోయింది.

బాషా సీతాఫల్‌మండిలో ఇంటికి పోయేసరికి, తల్లి బట్టలు సర్దుతూ జబీన్ కనపడింది. మర్నాడు తల్లి అజ్మతున్నీసాను బెంగుళూరు మానసిక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

"ఏందీ గిది? నన్ను గిట్ల బజార్ల నిలబెడ్తవా?"

"బల్ల మీద పెట్టింది నువ్వే, అబ్బా."

"మీ అమ్మ రైలు పట్టాల మీదికి పోయింది. గడియ పెట్టకపోతే సచ్చేది. అది రాసినవా?"

"రాసిన. ఆ పేజీ ఎనుకనే ఉంది, నాలుగోది. టీచరమ్మ ఆడిదాక సదవలే."

"గా కాయితం తీసేస్త."

"చిన్నప్పుడు నువ్వు చెప్పుమన్న అబద్ధాలన్ని చెప్పిన. ఇది తీస్తే నువ్వే తియ్యి. నేనైతే తియ్య."

మూడో రోజు బాషా దుకాణంలో ఒక ప్రతి తెరిచి, కుట్టు పక్కన బ్లేడు పెట్టి మూడూ నాలుగూ పేజీలున్న కాగితం కోసేశాడు. ప్రెస్సులో బిగించి తీశాడు. కోసిన జాడ తనకే కనపడలేదు. పనితనానికి ఒక్క క్షణం గర్వపడ్డాడు కూడా. రెండో ప్రతి చేతిలో ఉండగా జబీన్ ఫోను చేసింది.

"అబ్బా, అమ్మకు ఎప్పటిసంది గిట్ల ఉందని డాక్టర్ అడుగుతున్నడు. నువ్వే చెప్పు."

డాక్టరు తెలుగువాడే. "ఎన్నేళ్ల నుంచండీ?"

"పద్దెనిమిదేండ్లు."

"ఏం మందులు వాడారు?"

"తాయెత్తు కట్టించిన."

డాక్టరు అది రాసుకున్నాడు. "మొదట్లోనే తెచ్చి ఉంటే మాత్రలతో మీ అందరి మధ్యా తిరిగేదేమో. ఇప్పుడు ఎంత తేరుకుంటుందో నేను చెప్పలేను."

చుట్టాలకు అన్నేళ్లూ తడుముకోకుండా అబద్ధం చెప్పిన మనిషి చేతిలోని బ్లేడు కింద పెట్టాడు.

జబీన్ మళ్లీ ఫోను తీసుకుంది. "పుస్తకాలు తయారేనా? వచ్చినరోజే యూనివర్సిటీల ఇయ్యాలె."

"నాలుగు తయారు. ఒకటి ఖరాబ్ చేసిన. గా కాయితం ఫోన్ల పంపు, అచ్చేయించి మళ్ల కుడ్త."

ఏ కాగితమని ఆమె అడగలేదు. "పంపుత. ఇంకోటి, అమ్మను ఆ ఇంట్లకు మళ్ల తీస్కరాను. అల్వాల్‌ల గది మాట్లాడిన. పుస్తకాలు స్టేషన్‌కే తీస్కరా."

"నేను సుత..."

"పుస్తకాలు తెస్తే సాలు, అబ్బా."

బాషా కాగితం కోసిన ప్రతి కుట్టు విప్పాడు. తాను కట్టినదాన్ని తానే విప్పడం ముప్పై రెండేళ్లలో అదే మొదలు. అజ్మతున్నీసా, జబీన్ రైలు దిగేది ఫిబ్రవరి పదిహేడు, మంగళవారం.