తొట్టిలో పెరుగుతున్న ఉప్పు

జూన్ నెల మొదటి ఆదివారం, మధ్యాహ్నం. సోలాపూర్, నీలం నగర్, మా ఇంటి ముందుగది. ఉన్నవారు: నేను, నా భార్య, పక్కింట్లో ఉండే నా తమ్ముడు. నీలం రంగు ప్లాస్టిక్ తొట్టిలో ఒక చేప.

ఆ రోజు డైరీలో ఇంతవరకే రాసి పెన్ను మూసేశాను. కోపంలో రాస్తే నా అక్షరాలు నాకే అర్థం కావు. మిగతాది నిదానంగా ఇప్పుడు రాస్తున్నాను.

సముద్రపు చేపల కోరిక నాది కాదు, నా భార్యది. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టీ చుట్టీ, ఒకే తీరుగా కూర్చునీ కూర్చునీ ఆమె మోకాళ్ళు పోయాయి. ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గర, మేము కూర్చునే గదిలో ఒక అద్దాల తొట్టి ఉండేది. అందులో తెల్ల పట్టీలున్న నారింజ రంగు చేపలు. వాటిని చూస్తూ ఆమె తన పేరు పిలిచినా వినిపించుకోలేదు. రిక్షాలో తిరిగి వస్తూ, "అసొంటియి మనింట్ల ఉంటె, ఈ నొప్పి యాదికే రాదు" అంది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె నోరు తెరిచి అడిగిన వస్తువులు చాలా తక్కువ. అందుకే పెద్ద అద్దాల తొట్టి, చేపలు కొన్నాను.

హోట్గి రోడ్ మీద ఒక దుకాణంలో ఒక జంట దొరికింది. కొత్త చేపల్ని నేరుగా పెద్ద తొట్టిలో వేయవచ్చా, కొన్నాళ్ళు విడిగా ఉంచాలా అని అడిగాను. దుకాణదారు మరాఠీలో, "టెన్షన్ ఘేఊ నకా కాకా, ఏకదమ్ ఫ్రెష్ మాల్ ఆహే" అన్నాడు. దిగులు పడకండి, సరుకు తాజాదేనట. ఉద్యోగమంతా మిల్లులో నూలుకు రంగు వేసే విభాగం, రంగు ఖాతాలో గడిపినవాణ్ణి. కొత్త నూలు వస్తే ఒక చిలపకు, అంటే ఒక నూలు చుట్టకు, విడిగా రంగు వేసి చూడనిదే పెద్ద బానలో ముంచేవాణ్ణి కాదు. చేపల దగ్గర మాత్రం ఆ మాట నమ్మి నేరుగా వేసేశాను.

వారం తిరక్కుండానే రెండింటి ఒంటి మీదా తెల్లటి చుక్కలు లేచాయి. సన్న ఉప్పు చల్లినట్టు ఉన్నాయి. పెద్దది రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుని, నీటి పైకి వచ్చి నోరు తెరిచి తెరిచి చచ్చిపోయింది. నా భార్య ఆ పూట అన్నం తినలేదు. మిగిలిన చిన్నదాన్ని ప్లాస్టిక్ తొట్టిలోకి మార్చి మందు వెతకడం మొదలుపెట్టాను.

అది ఒక పురుగు. కంటికి కనిపించదు. చేప చర్మంలో దూరి బలిసినప్పుడు తెల్ల చుక్కలా కనిపిస్తుంది. తర్వాత రాలి అడుగున పడి, అక్కడ పగిలి, వందల పిల్లలై మళ్ళీ చేప మీదికి వస్తుంది. కాబట్టి చుక్కలు మాయమయ్యాయని సంబరపడటానికి లేదు. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి రాగి మందు. తమ్ముడు ఆ మాట వినగానే భవాని పేట్ పోయి ఒక పొట్లం మైలుతుత్తం తెచ్చాడు.

"అన్నా, గిది సుత రాగే గదా. చిటికెడు ఏస్తె అయిపాయె."

"చిటికెడంటె ఎంత?"

"చిటికెడంటె చిటికెడే. దానికేం తరాజు కావాల్నా?"

రాగి కొంచెం ఎక్కువైతే పురుగు కంటే ముందు చేప పోతుంది. నీటిలో రాగిని కొలిచే సామాను నాకు ఇక్కడ దొరకలేదు. అందుకే రెండో దారి పట్టాను. తొట్టి నీటిలో ఉప్పు తగ్గించాలి. సముద్రపు నీటిలో ఉండే ఉప్పులో సగానికంటే తక్కువకు దించితే ఈ చేప తట్టుకుంటుంది, పురుగు తట్టుకోలేదు. అయితే చివరి చుక్క రాలిన తర్వాత కూడా మూడు నాలుగు వారాలు ఉప్పు అదే మట్టంలో ఉండాలి. మధ్యలో పెరిగిందా, లెక్క మళ్ళీ మొదటి నుంచి.

ఉప్పు కొలవడానికి నీటిలో తేలే గాజు గొట్టం ఒకటి ఉంది. ఉప్పు ఎక్కువైతే అది పైకి లేస్తుంది. దాన్ని తొమ్మిదో గీత దగ్గర నిలబెట్టాలి. నాలుగైదు రోజులకొకసారి వచ్చే నల్లా నీళ్ళలో మా వంటకు పోగా మిగిలినవి దాచి, రోజూ కొంత ఉప్పునీరు తీసి, కొంత మంచినీరు పోస్తూ తొమ్మిదికి దించాను.

మర్నాటికి గొట్టం పదకొండుకు లేచింది. ఎండలకు నీరు ఆవిరైపోయి ఉప్పు మిగిలింది అనుకున్నాను. కానీ నీటి మట్టం నేను తొట్టికి గీసిన గీత దగ్గరే ఉంది. మళ్ళీ దించాను. మళ్ళీ లేచింది. గొట్టం చెడిపోయిందేమోనని మంచినీళ్ళలో వేసి చూశాను, సరిగ్గానే ఉంది. చేపకు చుక్కలు పోతున్నాయి, వస్తున్నాయి. ఈ మధ్య కంటి మీద కూడా ఒకటి వచ్చింది. తమ్ముడి మీద అనుమానం వచ్చి గట్టిగా అడిగాను. "నాకేం పని లేదా అన్నా?" అన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాణ్ణే పిలిచి మళ్ళీ అడుగుదామని వెంటబెట్టుకుని ముందుగదిలోకి వచ్చాను. నా భార్య చేతికర్ర ఆనుకుని తొట్టి మీదికి వంగి ఉంది. గుప్పిట మూసి తొట్టి చుట్టూ తిప్పుతోంది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని గొణిగి గుప్పిట విప్పింది. దొడ్డుప్పు రాళ్ళు నీటిలో పడ్డాయి.

"ఏం జేస్తున్నవ్?"

"కనవడ్తలేదా? దిష్టి తీస్తున్న."

"ఉప్పు ఎండ్లేసినవ్?"

"నీళ్ళల్ల. ఇంకెండ్లేస్తరు? ఉప్పు కరిగితెనే గదా దిష్టి పోయేది."

"మురికినీళ్ళు పోయే మోరిల ఏయరాదా?"

"ఈ మోకాళ్ళతోని మోరి దాంక ఎట్ల పోవాలె? అయినా గది సముద్రంల పుట్టిన జీవి. మీరేమో దినాం దాని ఉప్పు గుంజుతున్నరు. నోరు లేనిది, సప్పిడి నీళ్ళల్ల ఎట్ల బత్కుతది?"

"ఎప్పటి సంది ఏస్తున్నవ్?"

"పెద్దది సచ్చిన కాడి సంది."

అంటే నేను నీళ్ళు మార్చిన ప్రతి రోజూ. తమ్ముడు గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"అన్న తీసుడు, వదినె ఏసుడు. ఖాలీపీలీ, ఉత్తపుణ్యానికి నన్ను దొంగను జేస్తిరి. నడుమ ఆ చేప బీపీ పేషెంట్ అయింది."

"నువ్వు ఊకో" అన్నాను. ఆమెకు పురుగు సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

"పురుగయితె కనవడాలె గదా" అంది. "ఎదురింటామె వచ్చి, బంగారం లెక్క మెరుస్తున్నయి అనె. తెల్లారె సరికి చుక్కలు. గదైతె నాకు కనవడ్డది."

"ఉద్యోగమంత నూలుకు రంగు పట్టనీకి నీళ్ళల్ల ఉప్పేసిన. ఒక్కసారి తీద్దామంటె నువ్వు తీయనియ్యవ్. గిట్లయితె ఇది గూడ సస్తది. సచ్చినంక నన్ను అనకు."

అనకుండా ఉండాల్సిన మాట అది. ఆమె కుర్చీ తిప్పుకుని తొట్టికి వీపు పెట్టి కూర్చుంది. ఎవరి కోసం ఆ చేపను తెచ్చానో ఆ మనిషే దాన్ని చూడటం మానేసింది. తమ్ముడు చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా నీళ్ళు తీసి, పోసి, మళ్ళీ తొమ్మిదికి దించాను. చేప, దాక్కోవడానికి నేను వేసిన పైపు ముక్క వెనక చేరి మొప్పలు గబగబా ఆడిస్తోంది. రొయ్య ముక్క వేస్తే తిరిగి చూడలేదు. బతుకుతుందని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు పొద్దున నేను లేచి వచ్చేసరికి ఆమె అప్పటికే తొట్టి దగ్గర నిలబడి ఉంది. గుప్పిట మూసే ఉంది. నేను గుమ్మంలోనే ఆగాను. మూడుసార్లు తిప్పింది. తర్వాత పక్కనున్న స్టూలు మీది స్టీలు గ్లాసులో ఉప్పు వేసింది. గ్లాసులో నీళ్ళు ముందే పోసి పెట్టుకుంది. నా వైపు చూడకుండానే దాన్ని చాపింది.

"మోరిల పొయ్యుండ్రి. నాకు నడవనీకి రాదు."

తీసుకుపోయి పారబోసి వచ్చాను. ఆమె గాజు గొట్టం వైపు చూస్తోంది.

"ఇది ఎక్కడుండాలె?"

"తొమ్మిది కాడ."

"తొమ్మిది కాడనే ఉన్నది."

రొయ్య ముక్క వేశాను. చేప కాసేపటికి బయటికి వచ్చి దాన్ని నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది.

"సప్పగున్నది దానికి" అంది ఆమె.

చేప కిందికి దిగి, ఉమ్మిన ముక్కనే వెతికి పట్టుకుని ఈసారి మింగింది. ఆమె కుర్చీని తొట్టి వైపు తిప్పమంది. తిప్పాను. డైరీలో మళ్ళీ మొదటి రోజు అని రాసి, మంచినీళ్ళకు ఎవరూ వాడకుండా ఆ స్టీలు గ్లాసుకు ఒక ఎర్ర నూలు పోగు కట్టాను.