నీళ్ళు పోసే చెయ్యి

నెవెనా మొదటిసారి మా చేపల పులుసు కొట్టుకి పనికి వచ్చినప్పుడు దానికి పదహారేళ్ళుంటాయి. నదిలో పడవలకి దారి చూపే దీపాలు చూసుకునే ఇవైలో అనే కుంటాయన కూతురు. తల్లి ఎప్పుడో ఎవరితోనో వెళ్ళిపోయింది. ఆ కథ మా వీధిలో ఎవరిని కదిపినా చెబుతారు, పైగా ఒకరు చెప్పినట్టు ఇంకొకరు చెప్పరు. చేప కడుపు కోసి పేగులు లాగమంటే మా ఊరి ఆడపిల్లలు ముక్కు మూసుకుని పారిపోతారు. ఇది మాత్రం మోచేతులదాకా నెత్తురుతో కూర్చుని, ఒక్కో అవయవాన్నీ బల్ల మీద పరిచి, దాని పేరు జర్మన్‌లో చదివేది. కాలేయం, గుండె, పిత్తాశయం.

"చేప పేగుల్లో ఏం చదువే తల్లీ? అవతల తినేవాళ్ళకి డోకొస్తోంది" అని కసిరేదాన్ని.

"మనిషిలోనూ ఇవే ఉంటాయి పిన్నీ. కాస్త పెద్దవి, అంతే" అనేది తలెత్తకుండా.

అలాగే చదివింది. నర్సు అయింది. మా ఊరి ఆసుపత్రిలో చేరింది. రోగులు తగ్గకపోయినా వార్డులు ఒక్కొక్కటే మూతపడుతున్న ఆసుపత్రి అది. ఆఖరికి ఇదే డాన్యూబ్ ఒడ్డున, బాగా ఎగువన, ఒక జర్మన్ ఊళ్ళో ఉద్యోగం సంపాదించుకుంది. ఆగస్టు నెలాఖరుకల్లా వచ్చి చేరాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాం అన్నారు వాళ్ళు. అది ఆ మాట నాకు చెప్పినప్పుడు దాని మొహం చూడాలి. నేనైతే వెంటనే వీధిలోకి వెళ్ళి అందరికీ చెప్పి వచ్చాను.

ఆ వసంతంలోనే ప్లామెన్‌ని పెళ్ళి చేసుకుంది. పడవ ఇంజన్లు బాగుచేసే కుర్రాడు. నవ్విస్తాడు, పాడతాడు, ఎవరి ఇంట్లో ఏం చెడిపోయినా వచ్చి చూస్తాడు. ఊరంతా వాడంటే పడి చస్తుంది. నాకూ వాడంటే ఇష్టమే ఉండేది, అబద్ధం చెప్పను. ఎగువన ఒక పడవల షెడ్డులో వాడికి కూడా పని మాట్లాడి పెట్టింది నెవెనాయే. ఇద్దరూ జూన్‌లో బయల్దేరాలి.

జూన్ వచ్చింది. ప్లామెన్ మా కొట్టు ముందు బల్ల ఎక్కి నిలబడి అరిచాడు: "ఇది మా ఆఖరి వేసవి! దీన్ని ఊరికే పోనిస్తామా? చెయ్యనివన్నీ చేసి మరీ వెళ్తాం!"

అందరూ చప్పట్లు కొట్టారు. రకియా సారా గ్లాసులు లేచాయి. నెవెనా కూడా నవ్వింది. మొదట్లో దానికీ సరదాగానే ఉండేది. చిన్నప్పటినుంచి ఆటలాడే తీరిక దొరకని పిల్ల, మొగుడు చెయ్యి పట్టుకుని రమ్మంటే వెళ్ళదా?

వెళ్ళింది. ఎదురుగా నది మధ్యలో లంకకి ఈదుకుంటూ వెళ్ళారు. తిరిగొచ్చేసరికి దోమలు కుట్టి దాని కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి, కాళ్ళకి జలగలు. ఆ జలగల్ని నేను ఉప్పు చల్లి పీకుతుంటే వాడు పక్కన నిలబడి ఫోన్లో వీడియో తీస్తున్నాడు. "ఇంకొంచెం ఇటు తిప్పు పిన్నీ, నెత్తురు కనబడట్లేదు" అంటాడు. ఆ ఫోను లాగి పులుసు కాగులో వేద్దామనిపించింది. పులుసు పాడవుతుందని ఊరుకున్నాను.

తర్వాత పుచ్చకాయల సాహసం. ముసలి గెంచో చేలో స్నేహితులందరినీ పోగేశాడు. కాయని మోకాలికేసి పగలగొట్టి, మధ్య గుజ్జు మాత్రం చేత్తో తోడుకుని తిని, మిగతాది విసిరేయడం. ఆఖరి వేసవి కదా, గెంచో కూడా ఏమీ అనలేకపోయాడు. రెండు రోజుల తర్వాత అటుగా వెళ్ళాను. చేనంతా ఎర్రగా, పులిసిపోయి, కందిరీగలు మూగి, వాంతి చేసుకున్నట్టు ఉంది. గెంచో ఆ ముక్కల్ని పారతో ఎత్తి గొయ్యిలో వేస్తున్నాడు. "కుర్రాళ్ళు కదా త్సోనా, వెళ్ళిపోతున్నారు పాపం" అన్నాడు. పాపమంట! తిన్న నోటికి లేని పాపం ఊడ్చే చేతికి వచ్చింది.

ఇలా ప్రతి సాహసం తర్వాతా మా కొట్లో వీడ్కోలు విందు. మగవాళ్ళు పులుసు తాగి, గ్లాసులు తాగి, ప్లామెన్ మెడ పట్టుకుని ఏడ్చేవాళ్ళు. వారం తిరిగేసరికి అదే మెడ, అదే ఏడుపు. ముక్కు చీదిన గుడ్డలు బల్లల కింద నేనే ఏరుకోవాలి. "ఒరే, ఇంతకీ ఎప్పుడు వెళ్తున్నార్రా?" అని ఒకడు అడిగితే, "వెళ్తాంలే, తొందరేముంది? ఇంకా వాలుగని పట్టలేదు కదా" అనేవాడు ప్లామెన్. పాత రేవు దగ్గర గుంటలో మనిషంత వాలుగ చేప ఒకటి ఉందని, దాన్ని పట్టకుండా ఊరు విడిచేది లేదని వాడి పంతం. వాడి మాటలు కోటలు దాటుతున్నాయి, కాలు మాత్రం గడప దాటడం లేదు. ఊళ్ళో వాళ్ళకది వినోదం. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఆసుపత్రి పని అప్పటికే మానేసిన ఆ ఎలుక పెట్టె సర్దుకుని, మళ్ళీ విప్పి, మా కొట్లో చేపలు కోసే బల్ల దగ్గరికి వచ్చి కూర్చునేది.

జూలైలో పురుగుల సాయంత్రం వచ్చింది. ఏడాదికోసారి పొద్దుగూకే వేళ నదిలోంచి తెల్లటి రెక్కల పురుగులు లేస్తాయి, ఉసుళ్ళలా. దీపాల చుట్టూ మూగి, గుడ్లు పెట్టి, చచ్చి రాలతాయి. రేవంతా పాదం మునిగేంత మెత్తగా, జారుడుగా అవుతుంది. మర్నాడు ఎండ తగిలితే ఆ కంపు చెప్పలేం. తెలిసినవాళ్ళు ఆ పూట తలుపులు బిగించుకుంటారు. వీడు పెళ్ళాన్ని తీసుకెళ్ళి దీపస్తంభం కింద నిలబెట్టాడు. "చేతులు చాపు! నవ్వు! మంచు కురుస్తున్నట్టుంది!" అని అరుస్తూ వీడియో. నేను చీపురుతో మెట్లమీద నిలబడి చూశాను. జుట్టులో, మెడలో, జాకెట్టులో పురుగులు. నవ్వమన్నాడని నోరు తెరిచింది, నోట్లోకీ వెళ్ళాయి. వంగి ఉమ్మేస్తూ దగ్గుతుంటే వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మళ్ళీ ఒక్కసారి నెవీ, ఇప్పుడు ఉమ్మకు!"

అది మళ్ళీ నోరు తెరవలేదు. మా ఇంటికి వచ్చి, పెరట్లో పంపు కింద తల పెట్టి, చాలాసేపు కడుక్కుంది. నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

"నేను వెళ్తాను పిన్నీ" అంది, నీళ్ళు కారుతున్న మొహంతో. "ఆగస్టు ఆఖర్లో జర్మన్ ఊళ్ళకి పోయే బండికి వెళ్తాను. వాడొచ్చినా, రాకపోయినా."

"వాడితో చెప్పావా?"

"రోజూ చెప్తున్నా. వాడు దానికీ వీడియో తీస్తున్నాడు."

ఇంత జరిగినా నేను నోరు మూసుకుని ఉండేదాన్నేమో. కానీ వాడు నీళ్ళ జోలికి వచ్చాడు.

ఊరు విడిచి దూరం వెళ్ళేవాళ్ళ వెనక మేం నీళ్ళు పోస్తాం. రాగి చెంబులో జెరానియం పూల కొమ్మ వేసి, బండి కదలగానే గుమ్మం ముందునుంచి దారి మీదకి పోస్తాం, ప్రయాణం నీళ్ళలా సాఫీగా సాగిపోవాలని. పోసేది ఊళ్ళోనే ఉండిపోయేవాళ్ళు. వెళ్ళేవాళ్ళు వెనక్కి చూడరు. మా వీధిలో ఆ పని నాది. నా చెయ్యి మంచిదంటారు. సైన్యానికి పోయినవాళ్ళకీ, చదువుకి పోయినవాళ్ళకీ, స్పెయిన్‌లో స్ట్రాబెర్రీలు కొయ్యడానికి పోయినవాళ్ళకీ నేనే పోశాను.

ఒక మధ్యాహ్నం ప్లామెన్ వచ్చి, "పిన్నీ, చెంబు తీసుకురా. నీళ్ళు పొయ్యి" అన్నాడు. వాడి బండి గుమ్మం ముందుంది, నెవెనా ముందు సీట్లో కూర్చుని ఉంది. బయల్దేరారే అనుకుని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తడి చేతులతోనే పరుగెత్తి పోశాను. బండి వీధి చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చింది.

"వీడియో బాగా రాలేదు పిన్నీ, ఎండ ఎదురు కొడుతోంది. ఇటునుంచి ఇంకోసారి పొయ్యి."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఏమిట్రా ఇది?"

"అసలు రోజు బండి తెల్లవారకముందే వస్తుంది కదా, చీకట్లో ఏం కనబడుతుంది? అందుకని ఇప్పుడే తీసేసుకుంటున్నా."

"వెళ్ళనివాళ్ళకి నీళ్ళు పోయించావురా నాచేత? బతికున్నవాడికి దినం పెట్టినట్టుంది! థూ!" అని దారి మీదే ఉమ్మాను. పక్కింటి ముసలమ్మ శిలువ గుర్తు వేసుకుంది. ప్లామెన్ నవ్వుతూ నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీళ్ళే కదా పిన్నీ!" ఆ చెయ్యి విదిలించి పారేశాను. నెవెనా బండి దిగి, ఎవరివైపూ చూడకుండా, తడిసిన దారి పక్కగా నడిచి వాళ్ళ నాన్న ఇంటికి వెళ్ళిపోయింది. "మీ ఇద్దరికీ ఈ చేత్తో ఇంక చుక్క కూడా పొయ్యను" అని అందరూ వినేట్టు చెప్పాను.

ఆగస్టు నెలాఖరు దగ్గర పడింది. ఒకరోజు చేపలకోసం పాత రేవుకి వెళ్తే ప్లామెన్ ఒక్కడే పడవ అంచున కూర్చుని ఉన్నాడు. గాలం నీళ్ళలో వేసి ఉంది, దానికి ఎర కూడా లేదు. చేతిలో ఫోనూ లేదు.

"వాలుగ పడిందా?" అన్నాను, వెటకారంగానే.

"అక్కడ నేను జోకేస్తే ఎవడు నవ్వుతాడు పిన్నీ?" అన్నాడు. "నోరు తెరిస్తే నాకు మాట రాదు. ఇక్కడ నేను ప్లామెన్‌ని. అక్కడ నర్సుగారి మొగుణ్ణి. పానా అందించమంటే ఏం అందించాలో తెలీని మొగుణ్ణి."

ఆ ఒక్క నిమిషం వాడిమీద నాకు అసహ్యం పోయింది. పక్కన కూర్చున్నాను. "ఈ ముక్క దానితో చెప్పు. ఇవాళే చెప్పు."

"చెప్తా."

ఆ సాయంత్రం మా కొట్లో వాడు బల్ల ఎక్కాడు. గట్టిగా అరిచాడు: "వాలుగ కనిపించింది! ఇంత ఉంది! గురువారం పట్టేస్తా, అందరికీ విందు!" గ్లాసులు లేచాయి. పోయిన అసహ్యం రెండింతలై తిరిగొచ్చింది నాకు. వంటింట్లోకి వెళ్ళేసరికి నెవెనా చేప కోస్తోంది. బండి మంగళవారం.

"వాడికి భయమే" అన్నాను. ఉండబట్టలేక చెప్పేశాను. "రేవులో నాతో చెప్పాడు."

"తెలుసు పిన్నీ." కత్తి ఆపలేదు. "భయమని నాతో అంటే, ఈ ఉద్యోగం పోయినా ఆగేదాన్ని. ఇంకొకటి వెతుక్కునేదాన్ని. వేసవంతా ఆ మాట కోసమే వాడి వెనక తిరిగాను. లంకలో అంటాడనుకున్నా, చేలో అంటాడనుకున్నా. పురుగులు నోట్లో పడుతున్నా నించున్నా."

పిత్తాశయాన్ని పగలకుండా వేలితో తీసి పక్కన పెట్టింది. దాని పేరు మాత్రం ఆ రోజు చదవలేదు.

మంగళవారం బండి అనుకున్నదానికంటే ఆలస్యంగా వచ్చింది. బాగా తెల్లారిపోయింది. వీధంతా గుమ్మాల్లో ఉంది. కుంటి ఇవైలో తన కూతురి పెట్టె ఎక్కించి, దాని నుదుటిమీద ముద్దు పెట్టుకుని, పక్కకి తప్పుకున్నాడు. చెంబు నింపి కొమ్మ వేసి తెచ్చాను గాని, పొయ్యనన్న మాట గుర్తొచ్చి మెట్టు మీద పెట్టేశాను. పెట్టాక చేతులు ఏం చెయ్యాలో తెలియలేదు.

ప్లామెన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. చేతిలో ఫోను ఉంది, పెట్టె లేదు.

"నెవీ, గురువారం దాకా ఆగుదాం. ఒక్క రెండ్రోజులు. లేదా నువ్వు ముందు వెళ్ళు, నేను వెనకే వచ్చేస్తా."

"ఇప్పుడు ఎక్కుతావా, ఎక్కవా?" అంది నెవెనా.

"గురువారం అంటున్నా కదా!"

"ఇంకేమైనా చెప్పాలా నాకు?"

వాడు నోరు తెరిచాడు. ఆ నోటివైపే చూస్తూ నిలబడింది అది. నేనూ చూశాను. "వాలుగని నీకు వీడియోలో చూపిస్తాలే" అన్నాడు.

నెవెనా మెట్టు దగ్గరికి వచ్చి, చెంబు ఎత్తి వాడి చేతుల్లో పెట్టింది. "అయితే నువ్వే పొయ్యి."

"భలే! ఇది బాగుంటుంది!" అని నవ్వి, వాడు ఫోను నాకిచ్చాడు. "తియ్యి పిన్నీ, దారి కూడా పడేట్టు." వీధిలో ఎవరూ నవ్వలేదు. ముసలి గెంచో తలమీద టోపీ తీశాడు. బండి కదిలింది. నెవెనా వెనక్కి చూడలేదు. ప్లామెన్ రెండడుగులు ముందుకి వేసి, చెంబు పైకెత్తి, మొత్తం పోశాడు.

నీళ్ళు దారి మీద పారుతుంటే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చేతిలో చెంబు వైపు చూశాడు. అప్పుడు ఎక్కింది వాడికి. మా గుమ్మాల వైపు చూశాడు, మేం ఎవరమూ చూపు కలపలేదు.

"గురువారం" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

నేను వాడి ఫోను వాడికిచ్చి, చెంబు తీసుకుని లోపలికి వెళ్ళి, వెనిగరూ ఉప్పూ వేసి రెండుసార్లు తోమాను.